వెళ్ళొస్తానన్న మాట

ఆకాశం నుంచి మనిషి చేసిన వస్తువొకటి నేలకు తిరిగి వస్తుంటే ఇంటి ముందు నిలబడి ఎదురుచూడటం నా జీవితంలో రెండుసార్లు జరిగింది. మొదటిసారి భయంతో, రెండోసారి ఉత్సాహంతో. భయపడ్డ రాత్రి మా మీద ఏమీ పడలేదు. ఉత్సాహపడ్డ ఉదయం ఏడుగురు మనుషులు మరణించారు. నేను చూస్తూనే ఉన్నాను, కానీ చూస్తున్నదేమిటో నాకు తెలియలేదు. ఈ రెండు సంఘటనలనూ కలిపే చరిత్ర ఒకటుందని చాలాకాలం తర్వాత పుస్తకాలు తిరగేస్తుంటే అర్థమైంది. సొంత జ్ఞాపకాన్నీ, ఆ చరిత్రనూ ఒకచోట పెట్టి చూసుకుందామని ఈ ప్రయత్నం.

1979 జూలై 11, బుధవారం. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అవనిగడ్డకు ఎగువన, కృష్ణ కరకట్టను ఆనుకుని ఉంటుంది మా ఊరు. అంతకు ఇరవై నెలల ముందే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చి వేలమందిని తుడిచిపెట్టుకుపోయింది. మా నాయనమ్మ పుట్టింటివారిలో ముగ్గురి ఆచూకీ నేటికీ లేదు. అటువంటి ఊళ్ళోకి 'స్కైలాబ్ పడుతుందట' అన్న వార్త వచ్చింది. అమెరికావాళ్ళు ఆకాశంలో కట్టుకున్న ఇల్లు కూలిపోతోందనీ, ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలియదనీ చెప్పుకున్నారు. కోళ్ళగూళ్ళు ఖాళీ అయ్యాయి. దాచుకున్న నెయ్యి బయటికి వచ్చింది. అప్పులిచ్చినవాళ్ళు అడగడం మానేశారనీ, తీసుకున్నవాళ్ళు తీర్చడం మానేశారనీ తర్వాత చాలా ఏళ్ళు పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ రోజున మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి వాన తెరిపిచ్చింది. ముంగిట్లో నులకమంచాలు వేసుకుని కూర్చున్నాము. నాన్న బడిపంతులు. ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని, "భూమ్మీద మూడు పాళ్ళు నీళ్ళే కదమ్మా, ఏ సముద్రంలోనో పడుతుంది" అని నాయనమ్మకు ధైర్యం చెప్పబోయారు. ఆవిడ, "ఉప్పెన కూడా సముద్రంలోదే కదరా" అన్నది. నాన్న మరి మాట్లాడలేదు.

మన కాలమానం ప్రకారం రాత్రి పది దాటాక స్కైలాబ్ వాతావరణంలోకి దిగింది. శకలాలు కొన్ని హిందూ మహాసముద్రంలోనూ, కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరాన్స్ పరిసరాల్లోనూ పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. బహిరంగ ప్రదేశంలో చెత్త వేసినందుకుగాను ఎస్పరాన్స్ స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా విధించింది. మర్నాడు రేడియోలో ఆస్ట్రేలియా పేరు విన్నాక మా ఊరు ఊపిరి పీల్చుకుంది. నాయనమ్మ మాత్రం, "వాళ్ళకేం కాలేదు కదా?" అని ఆస్ట్రేలియావాళ్ళ గురించి అడిగింది.

స్కైలాబ్ ఎందుకు పడిపోయింది? నేను పెద్దయ్యాక తెలుసుకున్న సంగతి ఇది. 1973 మే 14న దాన్ని పైకి పంపారు. 1974 ఫిబ్రవరిలో చివరి వ్యోమగాములు తిరిగి వచ్చాక అది ఖాళీగానే తిరుగుతూ ఉంది. సూర్యుడిలో అలజడి అనుకున్నదానికంటే పెరిగింది. ఆ వేడికి భూమి పైపొరల్లోని పలచని గాలి ఉబ్బి, స్కైలాబ్‌ను నెమ్మదిగా కిందికి లాగసాగింది. దాన్ని పైకి నెట్టి కాపాడటానికి నాసా దగ్గర ఒక ఉపాయం లేకపోలేదు. అప్పుడు తయారవుతున్న స్పేస్ షటిల్ వెళ్ళి దాన్ని మరింత ఎత్తైన కక్ష్యలో పెట్టాలి. కానీ షటిల్ నిర్మాణం ఆలస్యమైంది. వేడిని తట్టుకునే పలకలను ఒక్కొక్కటిగా అతికించడం కూడా ఆ ఆలస్యానికి ఒక కారణం. స్కైలాబ్ పడిపోయిన 21 నెలల తర్వాత, 1981 ఏప్రిల్ 12న, మొట్టమొదటి షటిల్ ఎగిరింది. దాని పేరు కొలంబియా.

ఆ పేరే నా రెండో జ్ఞాపకం.

దానికి ముందు ఒక చిన్న మాట చెప్పాలి. మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. పొరపాటున ఎవరైనా 'పోతాను' అంటే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. వెళ్ళడంలోనే రావడం కూడా కలిసి ఉండాలని మన భాష నియమం పెట్టుకుంది. అంతరిక్ష చరిత్రను మాత్రం ప్రపంచం ఎక్కువగా వెళ్ళడం గురించే రాసుకుంది. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం, నిప్పులు చిమ్ముతూ రాకెట్టు లేవడం, చప్పట్లు. రాకేశ్ శర్మను ఇందిరాగాంధీ ఏమడిగారో, ఆయన ఏమన్నారో మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆయన 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో వెళ్ళి, ఏప్రిల్ 11న సోయుజ్ టి-10లో, అంటే వెళ్ళినదానిలో కాక మరొక నౌకలో తిరిగి వచ్చారన్న సంగతి ఎంతమందికి గుర్తు?

నిజానికి కష్టమంతా రావడంలో కూడా ఉంది. కక్ష్యలో తిరిగే నౌక వేగం సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లు. ఆ వేగం తెచ్చిపెట్టడానికి అంత పెద్ద రాకెట్టు కావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ వేగాన్నంతా వదిలించుకోవాలి. దానికి సరిపడే ఇంధనం వెంట ఉండదు కనుక గాలినే అడ్డం పెట్టుకోవాలి. ఎదుటి గాలి నలిగి, వేడెక్కి, నిప్పులా వెలుగుతుంది. షటిల్ రెక్కల అంచుల దగ్గర ఆ వేడి 1,600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

ఈ దారిలో మొదటినుంచీ గండాలే. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ వస్తున్నప్పుడు నౌక వెనుక భాగం సరిగా విడిపోక గిరగిరా తిరిగింది. దాదాపు 7 కిలోమీటర్ల ఎత్తున ఆయన నౌకలోంచి బయటికి విసరబడి, విడిగా పారాచూట్‌తో పొలాల్లో దిగాడు. ఆ నారింజరంగు మనిషిని మొదట చూసినవాళ్ళు ఒక రైతు స్త్రీ, ఆమె మనవరాలు. 1967 ఏప్రిల్ 24న కొమరోవ్ నౌకకు పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. 1971 జూన్ 30న సోయుజ్ 11 చక్కగా, మెత్తగా నేల మీద దిగింది. ఆనందంగా వెళ్ళి తలుపు తీసినవారికి లోపల ముగ్గురూ నిర్జీవులై కనిపించారు. పైనుండగానే ఒక కవాటం తెరుచుకుని లోపలి గాలి వెళ్ళిపోయింది. దిగడం వేరు, రావడం వేరు అని ఆ సంఘటన చదివినప్పుడు నాకు అనిపించింది.

2003 ఫిబ్రవరి 1, శనివారం. అప్పుడు మేము టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మా అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగువాళ్ళే. కొలంబియా ఆ ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో మా మీదుగా ఫ్లోరిడాకు వెళ్తుందని, ఆకాశం నిర్మలంగా ఉంటే కనిపిస్తుందని ముందే తెలిసింది. అందులో కల్పనా చావ్లా ఉన్నారు. కర్నాల్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఇంజనీరింగు చదివి, పైచదువుకు ఆవిడ వచ్చింది మాకు పది పన్నెండు మైళ్ళలో ఉన్న ఆర్లింగ్టన్‌కే. అక్కడి విశ్వవిద్యాలయంలో 1984లో ఎం.ఎస్. పూర్తి చేశారు. రెండు సూట్‌కేసులతో ఈ ఊళ్ళో దిగిన మా అందరికీ ఆవిడ మా మనిషే. తన కాలేజీ ఊరి మీదుగా ఇంటికి వస్తోందని చెప్పుకుని మురిసిపోయాము.

కాఫీ గ్లాసులతో కార్లు నిలిపే జాగాలోకి వచ్చి నిలుచున్నాము. సూర్యుడు పైకొచ్చాడు. చలి కాస్త తగ్గుతోంది. పక్క వాటాలోని మిత్రుడు హ్యాండీకామ్ పట్టుకున్నాడు. పడమటి దిక్కున తెల్లని చుక్క కనిపించింది. వెనుక పొడుగాటి తెల్లని చార. చుక్క చాలా వేగంగా, నిశ్శబ్దంగా దక్షిణంవైపుగా తూర్పుకు సాగింది. అందరం చప్పట్లు కొట్టాము. ఇంతలో నా భార్య, "అదేమిటండీ, రెండయింది?" అన్నది. నిజమే. చుక్క పక్కన మరొక చుక్క, ఆ వెనుక మరికొన్ని. నేను నాకు తెలిసిన పరిజ్ఞానమంతా వాడి, "గాలి వేడెక్కినప్పుడు అలాగే కనిపిస్తుంది" అని చెప్పాను. "ఎంత బాగుందో" అని కూడా అన్నాను. కొన్ని నిమిషాలకు ఎక్కడో దూరాన ఉరుములాంటి చప్పుడు వినిపించింది. దానికి కూడా నా దగ్గర జవాబు ఉంది.

లోపలికి వెళ్ళి టీవీ పెట్టాము. ఫ్లోరిడాలో ఖాళీ రన్‌వే కనిపిస్తోంది.

తర్వాత వెలువడిన కాలక్రమాన్ని ఇక్కడ చెప్పాలి. అమెరికా తూర్పు తీరపు కాలమానం 8 గంటల 15 నిమిషాలకు, అంటే మన దేశంలో సాయంత్రం పావు తక్కువ ఏడుకు, కొలంబియా హిందూ మహాసముద్రం మీద ఉండగా వేగం తగ్గించే ఇంజన్లు మండించింది. 8:44కు పసిఫిక్ మీద వాతావరణంలోకి ప్రవేశించింది. 8:53కు కాలిఫోర్నియా తీరం దాటింది. అప్పటినుంచే దాని నుంచి ముక్కలు రాలుతున్నట్లు నేల మీద వాళ్ళు తీసిన వీడియోల్లో కనిపిస్తుంది. 8:54కు ఎడమ రెక్కలోని కొన్ని ఉష్ణమాపకాలు పనిచేయడం మానేశాయని హ్యూస్టన్ కేంద్రంలో గుర్తించారు. 8:59కు ఎడమ చక్రాల ఒత్తిడి వివరాలు ఆగిపోయాయి. కమాండర్ రిక్ హజ్బండ్ జవాబు చెప్పబోయి మాట మధ్యలో ఉండగానే సంబంధం తెగిపోయింది. 9 గంటల ప్రాంతంలో సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి 18 రెట్ల వేగంతో వెళ్తూ నౌక విచ్ఛిన్నమైంది. మేము చప్పట్లు కొట్టిన క్షణం అదే.

హ్యూస్టన్ కేంద్రంలో వాళ్ళు ఇంకా పిలుస్తూనే ఉన్నారు. రేడియోలో లోపమేమో, రాడార్‌కు దొరుకుతుందేమో అని చూస్తున్నారు. మరో పన్నెండు నిమిషాలకు అక్కడున్న ఒక అధికారికి ఫోన్ వచ్చింది. నౌక ముక్కలవుతున్న దృశ్యం టీవీలో చూపిస్తున్నారని. అప్పుడు గది తలుపులు మూయించారు. ప్రపంచంలోకెల్లా గొప్ప పరికరాలున్న గదికి ఆ కబురు ఆకాశం చూస్తున్నవాళ్ళ నుంచి, టీవీ చూస్తున్నవాళ్ళ నుంచి చేరింది.

మా ఇంట్లో కూడా ఫోన్ మోగింది. ఊరి నుంచి అమ్మ. అక్కడ రాత్రి ఎనిమిది కావస్తోంది. "ఏరా, మీ ఊరి మీదేనటగా? మీరంతా బాగున్నారా?" అని అడిగి, కాస్త ఆగి, "ఆ పిల్ల వస్తుందంటావా?" అన్నది. ఒకటి రెండయి, రెండు నాలుగైన చుక్కలను చూసినవాణ్ణి, ఏమని చెప్పను? "చూడాలమ్మా" అన్నాను.

ఆ తర్వాతి నెలలు పత్రికల్లో అదే చర్చ. అడ్మిరల్ హెరాల్డ్ గేమన్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 2003 ఆగస్టు 26న నివేదిక ఇచ్చింది. జనవరి 16న నౌక పైకి లేచిన 82 సెకన్లకు ఇంధనపు ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. దాని బరువు ముప్పాతిక కిలో. ముట్టుకుంటే మెత్తగా, తేలికగా ఉండే పదార్థం. కానీ గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో తగిలింది. ఆ జూలైలో మన పక్క ఊరే అనదగిన శాన్ ఆంటోనియోలో అటువంటి ముక్కను అదే వేగంతో రెక్క పలక మీదికి పేల్చి చూస్తే, మనిషి తల దూరేంత రంధ్రం పడింది.

నన్ను ఎక్కువగా బాధించింది రంధ్రం కాదు. దెబ్బ తగిలిన సంగతి మర్నాడే వీడియోలో చూశారు. ఎంత గాయమైందో తెలుసుకోవడానికి సైనిక ఉపగ్రహాలతోనో, దూరదర్శినులతోనో నౌకను ఫొటో తీయించమని ఇంజనీర్లు మూడుసార్లు వేర్వేరుగా అడిగారు. పైవాళ్ళు తీయించలేదు. నురుగు ఊడటం కొత్త కాదు. అంతకు ముందు ఎన్నో ప్రయాణాల్లో ఊడింది, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదు అనే తర్కం స్థిరపడిపోయింది. పైనున్న వ్యోమగాములకు కూడా, భయపడవలసింది లేదని ఒక ఈమెయిల్ పంపారు. ముందే తెలిసి ఉంటే, సిద్ధమవుతున్న అట్లాంటిస్‌ను పంపి వాళ్ళను దించే అవకాశం కష్టమైనదే గానీ అసాధ్యం కాదని సంఘం లెక్క కట్టింది.

ఈ నివేదిక చదువుతున్నప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం నా మీదికే తిరిగింది. 'రెండయింది' అని చూసింది చూసినట్టు చెప్పిన మనిషికి, 'అలాగే ఉంటుంది' అని జవాబు చెప్పినవాణ్ణి నేనే కదా. నా జవాబు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, నిజమే. అయినా ఆ వాక్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు లోపలి నుంచి తెలుసు. తెలిసినవాణ్ణన్న ధీమా నుంచి వస్తుంది. ఆనందం చెడగొట్టుకోవడం ఇష్టం లేకపోవడం నుంచి కూడా వస్తుంది.

నాసా ఆ రోజే ప్రజలను అర్థించింది, ఎవరి దగ్గర ఏ ఫొటో, వీడియో ఉన్నా పంపమని. మా పక్క వాటా మిత్రుడు తన టేపు పంపించాడు. కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ దాకా ఇళ్ళ ముందు నిలబడి ఇతరులు తీసినవాటిని కూర్చుకుని, ఏ ముక్క ఎప్పుడు, ఎక్కడ రాలిందో విచారణ సంఘం వరుస కట్టగలిగింది. తూర్పు టెక్సాస్‌లో నాకోడోచెస్, హెంఫిల్ వంటి చిన్న ఊళ్ళ జనం, వచ్చిన కార్యకర్తలు కలిసి పాతికవేల మందికి పైగా అడవులు, బురద నేలలు గాలించారు. దాదాపు 84,000 శకలాలు దొరికాయి. నౌక బరువులో అది 38 శాతం. ఆ గాలింపులో హెలికాప్టరు కూలి మరో ఇద్దరు చనిపోయారు. అన్నిటికంటే పడమరన దొరికిన శకలం లిటిల్‌ఫీల్డ్ దగ్గర పడిన ఒక ఉష్ణకవచపు పలక. 1979లో షటిల్‌ను ఆలస్యం చేసి స్కైలాబ్‌ను పడగొట్టిన పలకల వంటిదే అదీ.

కల్పనా చావ్లా జ్ఞాపకం మన నేలకు కూడా చేరింది. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి ఎగిరిన మెట్‌శాట్ ఉపగ్రహానికి 2003 ఫిబ్రవరి 5న అప్పటి ప్రధాని వాజ్‌పేయి కల్పన-1 అని పేరు పెట్టారు. అది వాతావరణాన్ని గమనించే ఉపగ్రహం. మా దివిసీమవాళ్ళు భయపడే తుపానులను పైనుంచి చూసి చెప్పే పని దానిది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచే వెళ్ళిన ఎస్.ఆర్.ఇ-1 అనే 550 కిలోల చిన్న నౌక, కక్ష్యలో పన్నెండు రోజులు గడిపి, జనవరి 22న మన తీరానికి 140 కిలోమీటర్ల తూర్పున బంగాళాఖాతంలో దిగింది. వెళ్ళి రావడం మన దేశం నేర్చుకున్నది ఆ రోజున. పత్రికల్లో ఆ వార్త వచ్చినప్పుడు నాన్న నాకు ఫోన్ చేసి, "చూశావా, సముద్రంలోనే పడింది" అన్నారు. ఆయన ఏ రాత్రి మాట పూర్తిచేస్తున్నారో నాకు అర్థమైంది. నాయనమ్మ అప్పటికి లేదు.

2024 జూన్ 5న సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ స్టార్‌లైనర్ అనే కొత్త నౌకలో వెళ్ళారు. ఎనిమిది రోజుల ప్రయాణమన్నారు. దారిలో హీలియం కారింది, నౌకను నడిపే చిన్న ఇంజన్లు కొన్ని మొరాయించాయి. మళ్ళీ అదే ప్రశ్న. ఇందులోనే తిరిగి రావచ్చునా? ఈసారి అనుమానం వెలిబుచ్చినవారి మాట నెగ్గింది. ఆగస్టు 24న, నౌక ఖాళీగా వస్తుంది, మనుషులు ఆగుతారు అని నాసా ప్రకటించింది. ప్రకటించినప్పుడు దాని అధిపతి కొలంబియాను, చాలెంజర్‌ను గుర్తుచేశారు. స్టార్‌లైనర్ సెప్టెంబరులో ఖాళీగా, క్షేమంగానే దిగింది. దిగింది కదా, అనవసరంగా ఆపారు అన్నవాళ్ళున్నారు. 'ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదు' అన్న పాత తర్కమే అది, కొత్త బట్టలు కట్టుకుని.

వాళ్ళు 286 రోజుల తర్వాత, మన కాలమానంలో 2025 మార్చి 19 తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, ఫ్లోరిడా తీరాన సముద్రంలో దిగారు. మేము ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాము. అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి నన్ను లేపమని ముందే చెప్పి పడుకుంది గానీ, నేను లేచేసరికి ఆవిడే టీవీ ముందు కూర్చుని ఉంది. మంటల వల్ల మాటలు తెగిపోయే కొద్ది నిమిషాలు ఉంటాయి కదా, ఆ నిమిషాల్లో మా ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. నా భార్య తెర మీది చుక్కను కళ్ళార్పకుండా చూస్తోంది. ఈసారి నేను ఏదీ వివరించలేదు.

నాలుగు పారాచూట్లు విచ్చుకున్నాయి. నౌక నీళ్ళ మీద తేలింది. చుట్టూ డాల్ఫిన్లు తిరిగాయి. అయినా అమ్మ కదల్లేదు. తలుపు తీసి, ఒక్కొక్కరినీ బయటికి తెచ్చి, సునీత చెయ్యి ఊపేదాకా చూసింది.

"వచ్చారు. ఇంక పడుకోండి" అని లేచి లోపలికి వెళ్ళింది.